గాలి చదువు.. కరువు సీమ యువతకు కొత్త కొలువు

ఫోన్‌లో మ్యాప్ తెరవండి. ప్రొద్దుటూరు మీద వేలు పెట్టి, అటూ ఇటూ పోకుండా నేరుగా పడమరకు జరపండి. సుమారు 475 కిలోమీటర్లు దాటాక అరేబియా సముద్రం ఒడ్డున కార్వార్ తగులుతుంది. రెండు ఊళ్లదీ దాదాపు ఒకే అక్షాంశం. సూర్యుడు ఒకటే, రుతుపవనం ఒకటే. కానీ కార్వార్‌లో ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడితే కడప జిల్లాలో సగటున పడేది 700 మిల్లీమీటర్లు. నాలుగో వంతు కూడా కాదు!

ఈ తేడా ఎందుకని ఊళ్లో అడిగితే ‘మన రాత’ అంటారు. కాలేజీలో అడిగితే ‘వర్షచ్ఛాయ ప్రాంతం’ అని ఒక్క మార్కు జవాబు వస్తుంది. మొదటిది జవాబే కాదు. రెండోది సగం జవాబు. మిగతా సగం మన తల మీద 15 కిలోమీటర్ల ఎత్తులో వీచే గాలిలో ఉంది. పసిఫిక్ మహాసముద్రం నీటి వేడిలో ఉంది. మన బోరుబావుల అడుగున కూడా ఉంది.

‘నాది సీఎస్ఈ, నాకెందుకీ వాతావరణం గొడవ?’ అనుకోకండి. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన మీలో చాలామంది ఇళ్లలో చేను తడిసే రోజుకూ, కాలేజీ ఫీజు కట్టే రోజుకూ లింకు ఉంటుంది. అదొక్కటే కాదు. ఈ గాలి లెక్కలు తెలిసిన ఇంజినీర్లకు, సైన్స్ గ్రాడ్యుయేట్లకు ఇప్పుడు కొలువులున్నాయి. అందులో కొన్ని మన జిల్లా పక్కనే ఉన్నాయి. అందుకే ముందు సబ్జెక్టు అర్థం చేసుకుందాం, తర్వాత ఉద్యోగాల సంగతి చూద్దాం.

కింది గాలి: వాన పడమరే దిగిపోతుంది

జూన్ వచ్చిందంటే మన దగ్గర గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆషాఢంలో రేకులు ఎగిరిపోయేంత గాలి. మబ్బులు పరుగెడుతుంటాయి, చుక్క రాలదు. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోంది? దక్షిణార్ధగోళం నుంచి బయల్దేరి, ఆఫ్రికాలో సోమాలియా తీరం దగ్గర మలుపు తిరిగి, అరేబియా సముద్రం మీదుగా మన వైపు వస్తుంది. భూమికి సుమారు కిలోమీటరున్నర ఎత్తులో దీని వేగం ఎక్కువ. 1960ల్లో దీన్ని వివరంగా చూపించిన శాస్త్రవేత్త పేరుతో ‘ఫైండ్‌లేటర్ జెట్’ అంటారు.

సముద్రం మీద నీటి ఆవిరిని నింపుకొన్న ఈ గాలికి పడమటి కనుమలు అడ్డం పడతాయి. కొండ ఎక్కాలంటే గాలి పైకి లేవాలి. పైకి లేస్తే చల్లబడుతుంది. చల్లబడితే ఆవిరిని పట్టుకునే శక్తి తగ్గి, మోసుకొచ్చిన నీటిలో చాలా భాగం అక్కడే దించేస్తుంది. కార్వార్, మంగళూరు, అగుంబె తడిసి ముద్దయ్యేది అందుకే.

కొండ దిగే గాలి కథ వేరు. నీళ్లు లేని గాలి కిందికి దిగేటప్పుడు ప్రతి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో మబ్బు నిలబడదు. కర్ణాటక పీఠభూమి దాటి అనంతపురం, కడప చేరేసరికి గాలికి వేగం మిగులుతుంది, తేమ మిగలదు. ఒకటో సెమిస్టర్ థర్మోడైనమిక్స్‌లో చదివే ఎడియాబాటిక్ ప్రాసెస్ ఇదే. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం పులివెందుల కొండల మీద ప్రతి జూలైలో పనిచేస్తూనే ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నైరుతి కాలంలో బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు చాలావరకు ఒడిశా తీరం దాటి, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ వైపు పోతాయి. వాటి దారి మన మీదుగా ఉండదు. అందుకే రుతుపవనాలు జోరుగా ఉన్నాయని టీవీలో చెప్పే రోజుల్లోనే మనకు ఎండ కాస్తుంటుంది. రుతుపవన ద్రోణి హిమాలయాల పాదాల వైపు జరిగి, మధ్యభారతంలో వాన ఆగిపోయిన రోజుల్లో మాత్రం మన దగ్గర సాయంత్రం పూట ఉరుములతో నాలుగు చినుకులు పడతాయి. దేశానికి విరామం వస్తే మనకు కాస్త ఊరట!

పై గాలి: తెలుగు శాస్త్రవేత్త చూపించిన దారి

ఇప్పుడు తల పైకెత్తండి. జూలై, ఆగస్టుల్లో మన పైన సుమారు 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో ఇంకో గాలి వీస్తుంటుంది. కింది గాలి పడమర నుంచి తూర్పుకు పోతుంటే, ఇది తూర్పు నుంచి పడమరకు. వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. దీని పేరు ‘ఉష్ణమండల తూర్పు జెట్’. 1958లో దీన్ని ప్రపంచానికి వివరించినది మన తెలుగు శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ విభాగానికి అధిపతి కూడా అయ్యారు.

ఈ జెట్ నడిమధ్య భాగం దాదాపు 14, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశాల దగ్గర ఉంటుంది. పులివెందులది 14.4. ప్రొద్దుటూరుది 14.75. అంటే రుతుపవనాల ఇంజిన్‌లోని ఒక పెద్ద బెల్టు సరిగ్గా మన ఇంటి కప్పు మీదుగా తిరుగుతోందన్నమాట. ఎండాకాలం, వానాకాలాల్లో టిబెట్ పీఠభూమి, ఉత్తర భారతం బాగా వేడెక్కుతాయి. దక్షిణాన హిందూ మహాసముద్రం అంతగా వేడెక్కదు. ఆ ఉష్ణోగ్రతల తేడా నుంచే ఈ గాలి పుడుతుంది. రుతుపవనాలు బలంగా ఉన్న ఏడాది ఇది బలంగా, బలహీనంగా ఉన్న ఏడాది నీరసంగా ఉండటం మామూలు.

ఈ గాలిని కొలిచే పరికరం కూడా దూరంలో లేదు. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. ‘నార్ల్’ అని పిలుస్తారు. 1992లో ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై, 2005లో ఈ పేరు మార్చుకుంది. అంతరిక్ష విభాగం కింద పనిచేస్తుంది. అక్కడి రాడార్‌లో 1,024 యాంటెన్నాలు ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉంటాయి. ఈసీఈ చదువుతున్నవారు ఒక్కసారి దాని గురించి చదవండి. యాంటెన్నా సబ్జెక్టు ఎందుకు పెట్టారో తెలుస్తుంది.

పసిఫిక్‌లో వేడి.. పులివెందులలో బెట్ట

1876-78 కరువు గురించి పెద్దలు ‘ధాత కరువు’ అని చెబుతారు. మద్రాసు ప్రెసిడెన్సీలో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో కడప, కర్నూలు, బళ్లారి ఉన్నాయి. పంట పోయింది, పశువులు పోయాయి, మనుషులు లక్షల్లో పోయారు. వానలు మొహం చాటేయడానికి తోడు, ధాన్యం ఎగుమతులు ఆపని వలస పాలన ఆ చావులను పెంచింది. అప్పటికి భారత వాతావరణ విభాగం పుట్టి ఏడాది. దాన్ని 1875లో స్థాపించారు. ‘వచ్చే రుతుపవనం ఎలా ఉంటుందో ముందే చెప్పగలమా?’ అనే ప్రశ్నను ఆ కరువే ముందుకు తెచ్చింది. 1886లో మొదటి క్రమబద్ధమైన రుతుపవన అంచనా వెలువడింది.

1904లో ఆ విభాగానికి గిల్బర్ట్ వాకర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు అధిపతిగా వచ్చాడు. వాతావరణం ఆయన సబ్జెక్టు కాదు. ఆయన చేసింది నేటి భాషలో చెప్పాలంటే డేటా సైన్స్. ప్రపంచం నలుమూలల పీడనం, ఉష్ణోగ్రత, వాన లెక్కలు తెప్పించి, ఏది దేనితో కలిసి కదులుతోందో గుమాస్తాలతో చేతిరాత లెక్కలు వేయించాడు. పసిఫిక్ మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గడం, అక్కడ తగ్గితే ఇక్కడ పెరగడం కనిపించింది. దానికి ‘సదరన్ ఆసిలేషన్’ అని పేరు పెట్టాడు. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో మీరు చదివే యూల్-వాకర్ సమీకరణాల్లోని వాకర్ ఈయనే!

మామూలు ఏళ్లలో పసిఫిక్ పడమటి వైపు, అంటే ఇండోనేసియా దగ్గర, నీరు వేడిగా ఉంటుంది. అక్కడ గాలి పైకి లేచి, మబ్బులు కట్టి, వాన కురుస్తుంది. ఆ గాలి పై ఎత్తున తూర్పుకు పోయి దక్షిణ అమెరికా వైపు కిందికి దిగుతుంది. ఈ పెద్ద చక్రాన్ని వాకర్ ప్రసరణ అంటారు. ఎల్‌నినో ఏడాదిలో వేడినీరు మధ్య, తూర్పు పసిఫిక్ వైపు జరుగుతుంది. దాంతో గాలి పైకి లేచే చోటు కూడా జరుగుతుంది. ఇండోనేసియా నుంచి మన వైపు దాకా గాలి కిందికి దిగే ధోరణి పెరుగుతుంది. కిందికి దిగే గాలి వానకు శత్రువని ఇందాకే చూశాం కదా.

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 2002లో దేశం మొత్తం మీద నైరుతి వాన సగటు కన్నా 19 శాతం తగ్గింది. 2009లో 22 శాతం, 2014లో 12, 2015లో 14 శాతం లోటు. 2023లో మొత్తం లోటు 6 శాతమే అయినా, ఆ ఆగస్టు 1901 తర్వాత దేశంలో అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. విత్తనం మొలిచి, ఊడలు దిగే సమయంలో నెలరోజులు బెట్ట వస్తే వేరుశనగ రైతుకు సీజన్ సగటుతో పనేముంది?

ఒకే ఎల్‌నినో.. రెండు ముఖాలు

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ‘ఎల్‌నినో వచ్చింది, ఇక కరువే’ అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేస్తారు. అంత సింపుల్ కాదు. 1997లో శతాబ్దంలోనే పెద్ద ఎల్‌నినోల్లో ఒకటి వచ్చింది. ఆ ఏడాది దేశంలో నైరుతి వాన సగటు కన్నా 2 శాతం ఎక్కువే! కారణాల్లో ఒకటి హిందూ మహాసముద్రంలోనే ఉంది. దాని పడమటి భాగం వేడెక్కి, తూర్పు భాగం చల్లబడితే మన రుతుపవనాలకు కొంత బలం వస్తుంది. 1999లో సాజీ, యమగాటా తదితరులు దీన్ని ‘ఇండియన్ ఓషన్ డైపోల్’గా గుర్తించారు. 1997లో అది బాగా అనుకూలంగా ఉంది.

రెండో సంగతి మనకు మరీ ముఖ్యం. కడప జిల్లా ఒక్క నైరుతి మీదే బతకదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతం వాయుగుండాలు కూడా మనకు నీళ్లిస్తాయి. జమ్మలమడుగు, పెద్దముడియం నల్లరేగడిలో పప్పుశనగ విత్తేది ఆ తడి మీదే. ఎల్‌నినో ఏళ్లలో నైరుతి బలహీనపడే అవకాశం ఎక్కువగా ఉంటే, దక్షిణాదిలో ఈశాన్య వానలు బాగుండే అవకాశం ఎక్కువగా ఉంటుంది. 2015 చూడండి. జూన్-సెప్టెంబరులో దేశమంతా లోటు. నవంబరులో చెన్నైతో పాటు నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాలను వానలు ముంచెత్తాయి.

అలాగని దాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. లానినా ఉంటే ఈశాన్య వానలు తగ్గుతాయని పుస్తకం చెబుతుంది. 2021లో లానినా ఉంది. కానీ ఆ నవంబరు 19న అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరుకు వచ్చిన వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగిపోయింది. కరువు జిల్లాలో వరద ప్రాణాలు తీసింది. సముద్రాల వేడి పాచికకు కాస్త బరువు మాత్రమే వేస్తుంది. ఏ ముఖం పడుతుందో ముందే రాసిపెట్టదు. సంభావ్యత చాప్టర్‌లో చదివింది ఇదే.

ఒక ఏడు కరువు, ఏళ్ల కరువు ఎలా అవుతుంది?

ఎల్‌నినో సాధారణంగా 9 నుంచి 12 నెలలు ఉండి పోతుంది. మరి మన కరువు వరుసగా మూడు నాలుగేళ్లు ఎందుకు సాగుతుంది? దీనికి మూడు కారణాలు చెప్పుకోవాలి.

మొదటిది, సముద్రాలకు పొడవైన జ్ఞాపకం ఉంది. పసిఫిక్, అట్లాంటిక్‌ల ఉష్ణోగ్రతలు దశాబ్దాల పాటు ఒకవైపు మొగ్గి, తర్వాత ఇంకోవైపు మొగ్గుతాయి. మన రుతుపవనాల్లో కూడా కొన్ని దశాబ్దాలు మెరుగ్గా, కొన్ని దశాబ్దాలు బలహీనంగా నడిచిన దశలున్నాయి. ఈ మార్పులను లెక్కలోకి తీసుకునే 2022లో వాతావరణ విభాగం దేశ నైరుతి వాన సగటును 88 సెంటీమీటర్ల నుంచి 87కు సవరించింది. ఆ కొత్త సగటుకు 1971 నుంచి 2020 దాకా ఉన్న లెక్కలు ఆధారం.

రెండోది, నేలకు కూడా జ్ఞాపకం ఉంది. గాలి నుంచి వచ్చే కరువు మూడు నెలల్లో పోవచ్చు. బోరుబావిలో కరువు అలా పోదు. పులివెందుల, వేంపల్లె వైపు చీనీ, అరటి తోటలు భూగర్భ జలం మీద నిలబడ్డాయి. రెండేళ్లు వాన తగ్గితే రైతు నీటిని ఇంకా లోతు నుంచి తోడతాడు. మూడో ఏడు మంచి వాన పడినా, ముందు ఖాళీ అయిన రాతి పొరలు నిండాలి. అప్పటిదాకా పైన పచ్చగా కనిపిస్తున్నా కింద కరువే.

మూడోది వేడి. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అది దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అంటే ఎండ రోజుల్లో నేల నుంచి, ఆకు నుంచి, చెరువు నుంచి ఎక్కువ లాగేస్తుంది. కురిసేటప్పుడు కుండపోతగా కురుస్తుంది. ఏడాది మొత్తం అదే 700 మిల్లీమీటర్లు వచ్చినా, అది 50 రోజుల్లో రావడం వేరు, 20 రోజుల్లో రావడం వేరు. రెండోదాంట్లో వాగు పొంగుతుంది, చేను ఎండుతుంది.

‘చెట్లు కొట్టేశాం కాబట్టే వాన పోయింది’ అనే మాట మీరూ విని ఉంటారు. ఆఫ్రికాలో సహెల్ ప్రాంతానికి 1970, 80ల్లో వచ్చిన సుదీర్ఘ కరువు మీద సరిగ్గా ఇదే చర్చ జరిగింది. పశువులు గడ్డిని మొత్తం మేసేయడం వల్లే నేల తెల్లబడి వాన తగ్గిందని 1975లో జూల్ చార్నీ అనే పెద్ద శాస్త్రవేత్త ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధనలు, ముఖ్యంగా 2003లో వచ్చిన అధ్యయనం, ప్రధాన కారణం సముద్రాల ఉష్ణోగ్రతల్లో మార్పేనని చూపించాయి. నేల పాత్ర ఉంది, కానీ అది తోడు పాత్ర. దీని అర్థం చెట్లు అక్కర్లేదని కాదు. పడిన వానను నేలలో నిలిపేది చెట్టే. రాని వానకు మాత్రం ఊరి జనాన్ని నిందిస్తే లాభం లేదు.

కనుమలు తీసుకున్నది కృష్ణ తిరిగిస్తే..

ఒక తమాషా గమనించండి. మనకు రావాల్సిన తేమను పడమటి కనుమలు లాగేసుకుంటున్నాయని చెప్పుకున్నాం. అవే కనుమల్లో మహాబలేశ్వరం దగ్గర కృష్ణా నది పుడుతుంది. ఆ నీరు శ్రీశైలం చేరి, పోతిరెడ్డిపాడు, బనకచెర్ల, గోరకల్లు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో జమ్మలమడుగు ప్రాంతంలోని గండికోట జలాశయానికి వస్తుంది. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. అక్కడి నుంచి ఎత్తిపోతల ద్వారా పులివెందుల వైపు చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌కు నీరు పోతుంది. ప్రొద్దుటూరు వైపు కేసీ కాలువ కింది పొలాలకు తుంగభద్ర, కృష్ణా నీరే ఆధారం.

అంటే మన కరువుకు ఇప్పుడు రెండు ఆకాశాలు. ఒకటి మన తల మీదిది, రెండోది మహారాష్ట్ర, కర్ణాటకల్లో కనుమల మీదిది. మన ఆకాశం మొండికేసినా అక్కడ వాన పడితే గండికోట నిండవచ్చు. రెండూ ఒకే ఏడాది మొండికేస్తే కాలువ కింది రైతూ, బోరు కింది రైతూ ఒకే వరుసలో నిలబడతారు. 2023 లాంటి ఏడాదుల్లో భయం అదే. ఏ ఏడాది ఏ ఆకాశాన్ని చూసి పంట వేయాలో చెప్పగలిగే మనిషి ఈ జిల్లాకు కావాలి. ఆ మనిషి మీరెందుకు కాకూడదు?

శని, ఆదివారాల్లో చేసే ప్రాజెక్టు

‘మినీ ప్రాజెక్టు ఏం చేయాలి?’ అని మెసేజ్‌లు పెట్టేవారికి నేను ఎక్కువగా చెప్పేది ఇదే. పాత లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ పక్కన పెట్టండి. మీ ఊరి కరువును లెక్కగట్టండి. పైసా ఖర్చు లేదు.

వాతావరణ విభాగం పుణె కార్యాలయం వెబ్‌సైట్‌లో 1901 నుంచి దేశం మొత్తానికి రోజువారీ వాన డేటా ఉచితంగా దొరుకుతుంది. దేశాన్ని పావు డిగ్రీ గడులుగా విభజించి ఇస్తారు. ఒక్కో గడి దాదాపు 27 కిలోమీటర్లు. ప్రొద్దుటూరుకు 14.75, 78.50 గడి తీసుకోండి. పులివెందులకు 14.50, 78.25 దగ్గరగా ఉంటుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మధ్య దూరం 20 కిలోమీటర్ల పైచిలుకే కాబట్టి రెండూ ఒకే గడిలో పడొచ్చు. ‘మా ఊళ్లో పడింది, పక్క ఊళ్లో పడలేదు’ అనే సంగతి ఈ డేటాలో ఎందుకు కనిపించదో ఇక్కడే తెలుస్తుంది. పైథాన్‌లో ఎక్స్-అరే, ఐఎండీలిబ్ లైబ్రరీలతో దీన్ని చదవొచ్చు.

తర్వాత నెలవారీ వాన కలిపి, ఎస్పీఐ అనే కరువు సూచీ లెక్కించండి. 1993లో వచ్చిన ఈ సూచీని ప్రపంచ వాతావరణ సంస్థ కూడా సిఫార్సు చేస్తుంది. సున్నా అంటే మామూలు, మైనస్ 1 దాటితే కరువు, మైనస్ 2 దాటితే తీవ్రాతితీవ్రం. మూడు నెలల ఎస్పీఐ చేను సంగతి చెబుతుంది. 24 నెలల ఎస్పీఐ బోరు సంగతిని దగ్గరగా చెబుతుంది. రెండు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి పెట్టండి. పైది కోలుకున్నా కిందిది కోలుకోని ఏళ్లు మీకే కనిపిస్తాయి.

చివరగా అమెరికా సంస్థ నోవా ఇచ్చే నినో 3.4 సూచీ తీసుకోండి. అది మధ్య పసిఫిక్ ఉష్ణోగ్రత. సగటు కన్నా అర డిగ్రీ పెరిగి నెలల తరబడి నిలిస్తే ఎల్‌నినో. జూన్-సెప్టెంబరు వానతో ఒకసారి, అక్టోబరు-డిసెంబరు వానతో ఇంకోసారి కోరిలేషన్ చూడండి. పైన చెప్పిన రెండు ముఖాలు మీ గడిలో ఉన్నాయో లేవో మీరే తేల్చుకోండి. 1950-1990 డేటా మీద నేర్పించిన మోడల్‌ను 1991 తర్వాతి డేటా మీద పరీక్షించండి. కోరిలేషన్ తగ్గితే కంగారు పడకండి. ఎల్‌నినోతో మన రుతుపవనాల బంధం కాలాన్ని బట్టి మారుతోందని 1999లోనే శాస్త్రవేత్తలు రాశారు. ఫలితం తగ్గినా దాచకుండా చూపిస్తేనే ఇంటర్వ్యూలో మీ మాటకు విలువ.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

భారత వాతావరణ విభాగం: ఇక్కడ సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులను స్టాఫ్ సెలక్షన్ కమిషన్ భర్తీ చేస్తుంది. 2022లో 990 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా బీఎస్సీ, కంప్యూటర్ సైన్స్, ఐటీ, కంప్యూటర్ అప్లికేషన్స్ డిగ్రీ చేసినవారు, ఎలక్ట్రానిక్స్-టెలికమ్యూనికేషన్ డిప్లొమా వారు అప్పుడు అర్హులు. డిగ్రీలో ఫస్ట్‌క్లాస్, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ అడిగారు. ఈ నోటిఫికేషన్ ఏటా రాదు. వచ్చినప్పుడు సిద్ధంగా ఉండాలి, అంతే.

గేట్ దారి: బీటెక్ వారికి గేట్‌లో ఇంజినీరింగ్ సైన్సెస్ పేపర్ ఉంది. అందులో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగాన్ని ఎంచుకోవచ్చు. మెకానికల్, సివిల్ వారికి ఫ్లూయిడ్ మెకానిక్స్ ఇప్పటికే వచ్చు కాబట్టి సగం పని అయిపోయినట్టే. బెంగళూరు ఐఐఎస్సీ, ఢిల్లీ, భువనేశ్వర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఈ రంగానికి ప్రత్యేక విభాగాలున్నాయి.

మన రాష్ట్రాల్లో: విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటియరాలజీ-ఓషనోగ్రఫీ విభాగం దేశంలోని పాతవాటిలో ఒకటి. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో వాన చినుకుల సైజు, వేగం కొలిచే పరికరంతో మన పొడి ప్రాంతపు వాన మీద పరిశోధనలు జరిగాయి. తిరుపతి ఎస్వీయూ, అనంతపురం ఎస్కేయూ ఫిజిక్స్ విభాగాల్లోనూ వాతావరణ పరిశోధన ఉంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్, మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ క్రిడా, ఉపగ్రహ చిత్రాల సంస్థ ఎన్ఆర్ఎస్సీ ఉన్నాయి. నార్ల్, పుణెలోని ఐఐటీఎం, నోయిడాలోని ఎన్సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ వెబ్‌సైట్లలో ఫెలోషిప్‌లు, ప్రాజెక్టు పోస్టుల నోటిఫికేషన్లు వస్తుంటాయి. పీహెచ్‌డీ వైపు పోవాలంటే సీఎస్ఐఆర్ నెట్‌లో భూమి-వాతావరణ శాస్త్రాల పేపర్ ఉంది.

కొత్త డబ్బు: 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ‘మిషన్ మౌసమ్’కు రెండేళ్లకు రూ. 2,000 కోట్లు ఆమోదించింది. కొత్త రాడార్లు, సూపర్ కంప్యూటర్లు, ఏఐ ఆధారిత అంచనాలు ఇందులో భాగం. రాడార్ వస్తే దాన్ని నడిపేవారు, డేటా చదివేవారు కావాలి కదా.

ప్రైవేటు రంగం: మనకు వాన తేని ఆషాఢ గాలి అనంతపురం జిల్లాలో గాలిమరలను తిప్పుతోంది. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో సోలార్ పార్క్ ఉంది. గాలి, ఎండ నుంచి రేపు ఎంత కరెంటు వస్తుందో ప్రతి 15 నిమిషాలకు, అంటే రోజుకు 96 సార్ల లెక్కన ముందే అంచనా ఇవ్వాలి. తప్పితే డబ్బు కట్టాలి. అందుకే ఆ కంపెనీలకు వాతావరణం, మెషిన్ లెర్నింగ్ రెండూ తెలిసినవారు కావాలి. పంటల బీమా, వ్యవసాయ స్టార్టప్‌లు, ప్రైవేటు వాతావరణ సంస్థలదీ ఇదే అవసరం. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఖాళీలు ఇక్కడ ఉండవు. పోటీపడేవారూ అంతమంది ఉండరు. పైథాన్, స్టాటిస్టిక్స్ ఎలాగూ నేర్చుకుంటున్నారు కాబట్టి ఈ దారి కుదరకపోయినా మీ శ్రమ వృథా పోదు.

ఉద్యోగం వచ్చేలోగా..

మీ చదువు ఇంట్లో వాళ్లకు ఇప్పుడే అక్కరకొస్తుంది. వాతావరణ విభాగం ప్రతి మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా వ్యవసాయ సలహా బులెటిన్ ఇస్తుంది. ‘మేఘదూత్’ యాప్‌లో తెలుగులోనూ చూడొచ్చు. పిడుగుల హెచ్చరికకు ‘దామిని’ యాప్ ఉంది. ‘నాయనా, ఈ తూరి విత్తనం ఇంకో నాలుగు దినాలు ఆపుదాం’ అని మీరు చెప్పాలంటే, ఎందుకో కూడా చెప్పగలగాలి. అంచనా తప్పే అవకాశం ఎంతో అది కూడా చెప్పాలి. ‘నూటికి అరవై పాళ్లు వాన రావచ్చు, నలభై పాళ్లు రాకపోవచ్చు’ అంటే రైతుకు బాగా అర్థమవుతుంది. ఏటా పందెం కాసేది ఆయనే. అన్ని గింజలూ ఒకేసారి చల్లాలా, సగం ఆపాలా అనేది ఆయన తేల్చుకుంటాడు.

ఈ వారం మొదలుపెట్టడానికి మూడు పనులు. మీ ఊరి గడి వాన డేటా డౌన్‌లోడ్ చేయండి. గేట్ ఇంజినీరింగ్ సైన్సెస్ సిలబస్‌లో వాతావరణ విభాగాన్ని ఒకసారి చదవండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లకు గుర్తున్న కరువు ఏళ్లు ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆ ఏళ్లు మీ గ్రాఫులో ఎక్కడున్నాయో వెతకండి. వాళ్ల జ్ఞాపకానికీ, మీ లెక్కకూ తేడా వచ్చిన చోటే మీ పరిశోధన మొదలవుతుంది.